చావు డప్పుకు చిందేసిన గుర్రం... ఏం చేయాలో చెప్పండి

చీమకుర్తి కోడలు (మంగళవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. ఇక్కడ అందరూ గేదెలు, గిత్తలు, కోళ్ళ గురించే అడుగుతుంటారు. నాది గుర్రం గొడవ. నవ్వకుండా చదవండి.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వస్తారు. ఇంట్లో నేను, అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు. పాపకు పదకొండు, బాబుకు ఏడు. మామయ్య వాళ్ళ నాన్న ఒకప్పుడు ఒంగోలు స్టేషను దగ్గర జట్కా తోలేవారు. చిన్నప్పుడు మామయ్య ఆయన పక్కన కూర్చుని పగ్గాలు పట్టుకున్న కథ మా ఇంట్లో వారానికోసారైనా వినాల్సిందే. మొన్న పొగాకు బ్యారన్ అమ్మిన డబ్బులు చేతిలో పడ్డాయో లేదో, ఎవరికీ చెప్పకుండా నెల్లూరు వెళ్ళి టాటా ఏస్‌లో గుర్రాన్ని తెచ్చి దించారు. పెళ్ళి ఊరేగింపులకు తిరిగిన తెల్ల ఆడగుర్రం. నలభై అయిదు వేలు. పేరు చాందిని. అత్తమ్మ మూడు రోజులు మామయ్యతో మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి దాన్ని చంద్రమ్మా అని పిలుస్తోంది.

నిజం చెప్పాలంటే సాధువైన జంతువు. మా దగ్గర గ్రానైట్ క్వారీల్లో బ్లాస్టింగ్ చేస్తే ఇంట్లో గిన్నెలు అదురుతాయి, అది మాత్రం చెవి కూడా కదపదు. కానీ డప్పు వినబడిందంటే చాలు, మెడ వంచి, ముందు కాళ్ళు ఒకటొకటిగా ఎత్తి ఆడడం మొదలుపెడుతుంది. మా పిల్లలకు అదో సరదా అయిపోయింది. ఫోన్లో తీన్మార్ పెట్టడం, అది ఆడితే రీల్ తీయడం.

మొన్న ఆదివారం మా వీధి పెద్దాయన పోయారు. శవం మా ఇంటి ముందు నుంచే పోవాలి. డప్పులు దగ్గరకు రాగానే మా చంద్రమ్మ రేకుల పాకలోంచి కట్టుతాడు పొడుగునా బయటికొచ్చి, పాడె వెళ్ళేంతసేపూ ఆడుతూనే ఉంది. మామయ్య తాడు పట్టి లాగినా ఆగలేదు. ఊరంతా చూసింది. కొందరు నోరు మూసుకుని నవ్వారు. చనిపోయినాయన పెద్ద కొడుకు మా వైపు చూసిన చూపుకు నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

దీన్ని ఎలా మాన్పించాలి? అమ్మేయమని మా ఆయన ఫోన్లో ఒకటే పోరు.


బెంగళూరులో కావలి (రాత్రి 9.58)

ఒంగోలు గిత్తలు పుట్టిన జిల్లాలో గుర్రం తెచ్చుకున్నారా! మన గిత్తేమో బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అనే పేరుతో దేశమంతా మందలు పెట్టింది, మీరేమో పెళ్ళి గుర్రాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. సారీ అక్కా, నవ్వకుండా ఉండలేకపోయాను.


కందుకూరు రైతు (రాత్రి 10.15)

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఉలవల రేటు తెలుసుకునే కొన్నారా? మా బావ ఒకడు ఇలాగే ముచ్చటపడి కొన్నాడు, ఆరు నెలలకు వదిలించుకున్నాడు. మీ ఆయన చెప్పింది ఆలోచించండి.


రిటైర్డ్ పశువుల డాక్టరు (బుధవారం, ఉదయం 6.05)

అమ్మా, ముందు గుర్రం వయసు చూద్దాం. అమ్మినవాళ్ళు ఎంతని చెప్పారు? పై పెదవి ఎత్తి, ముందు పళ్ళ వరసలో చివరి పన్ను, అంటే మూల పన్ను, ఫొటో పెట్టండి. దాని మీద నిలువుగా ఒక గాడి ఉంటుంది. పదేళ్ళ ప్రాయంలో చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగం దాకా, ఇరవైకి కొస దాకా దిగుతుంది. అచ్చంగా పుట్టిన తేదీ చెప్పదు కానీ మోసం మాత్రం పట్టిస్తుంది.

ధనుర్వాతం టీకా వేయించారా? గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా సోకుతుంది. లాడం మేకు గుచ్చుకున్నా చాలు.


చీమకుర్తి కోడలు (సాయంత్రం 5.30)

డాక్టరు గారూ, ఫొటో పెట్టాను. పన్నెండేళ్ళని చెప్పారు. గాడి సగం దాటింది కదా? మామయ్యకు చూపిస్తే "మనిషికి మాత్రం వయసు దాచుకునే హక్కు ఉందా ఏంటి" అని అదో రకంగా మాట్లాడారు. టీకా సంగతి మాకు తెలియదు. రేపు పశువుల ఆసుపత్రిలో అడుగుతాను.

ఇంకో సంగతి. ఈరోజు పెద్దాయన ఇంటికి పలకరింపుకి వెళ్ళాం. అత్తమ్మ క్షమించమని అడగబోతే ఆ పెద్దావిడే అడ్డం వచ్చి, "మా ఆయన పెళ్ళికి ఎద్దులబండిలో వచ్చాడమ్మా. గుర్రం ఎక్కి ఊరేగాలని ఆయనకు కోరిక, అప్పట్లో డబ్బుల్లేక కుదర్లేదు. పోయేటప్పుడైనా ఆయన కోసం గుర్రం ఆడింది" అంది. మేమందరం ఏడ్చేశాం. ఇక అమ్మే మాట లేదు.


బెంగళూరులో కావలి (సాయంత్రం 6.10)

అక్కా, నిన్న రాత్రి నవ్వినందుకు చెంపలేసుకుంటున్నా. పండు వయసులో పోయినవాళ్ళను మన వైపు బ్యాండు మేళంతో సాగనంపుతారు కదా, ఇదీ అలాంటిదే అనుకోండి. ఆనందంగా ఆడింది, ఆడనివ్వండి.


కోటమిట్ట సవారీ (రాత్రి 11.20)

అక్కా, మాది నెల్లూరు. మా అబ్బాజాన్, చిచ్చా అందరూ పెళ్ళి గుర్రాల పని మీదే బతికారు. నేను మొబైల్ షాపు పెట్టుకున్నా. చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించి రాస్తున్నా.

అది ఆనందం కాదక్కా.

గుర్రానికి ఆట ఎలా నేర్పిస్తారంటే, రెండు వైపులా తాళ్ళు కట్టి నిలబెడతారు. డప్పు మొదలవగానే బెత్తంతో కాలి మీద తడతారు. కాలు ఎత్తితే దెబ్బ ఆగుతుంది, దించితే మళ్ళీ పడుతుంది. కొన్ని వారాలకు బెత్తం అవసరం ఉండదు. డప్పు వినబడగానే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. అందరూ ఇలాగే చేస్తారని అనను. బెల్లం పెట్టి ఓపిగ్గా నేర్పినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, మా చిచ్చా వాళ్ళలో ఒకరు. కానీ తాడు లాగినా ఆగలేదన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది. దాని నోటి మూలలు చూడండి. మెత్తగా, నల్లగా ఉండాలి. గట్టిపడి తెల్లటి మచ్చలుంటే ముళ్ళ కళ్ళెం వేశారన్నమాట.


రిటైర్డ్ పశువుల డాక్టరు (గురువారం, ఉదయం 6.00)

కోటమిట్ట అబ్బాయి చెప్పింది నిజం. ముళ్ళున్న కళ్ళెం మన దేశంలో 1965 నాటి జంతు హింస నివారణ నిబంధనల్లోనే నిషేధం. బరువు లాగే, మోసే జంతువులతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలే చేయించకూడదు అన్నవి కూడా వాటిలోనివే. మన మే నెల ఎండల్లో ఎంతమంది పాటించారో మీకే తెలుసు.

ఆడేటప్పుడు చెవులు ఎటున్నాయో రీల్‌లో చూడండి. వెనక్కి నొక్కుకుని ఉంటే, కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడుతుంటే, తోక ఝాడిస్తుంటే భయం.


చీమకుర్తి కోడలు (గురువారం, రాత్రి 8.15)

చూశాను. నోటికి ఎడమ వైపు మచ్చ ఉంది, వేలితో తడిమితే కాయ కాసినట్టు గట్టిగా తగిలింది. నేను వేలు పెట్టగానే తల పైకెత్తేసింది. రీల్స్ కూడా చూశాం. పదకొండు రీల్స్. అన్నిట్లోనూ చెవులు వెనక్కే ఉన్నాయి.

పాపకు చెప్పాల్సి వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా అన్నీ డిలీట్ చేసింది. ఇప్పటిదాకా పాకలోనే కూర్చుంది, అన్నానికి రమ్మన్నా రావడం లేదు. బాబు మాత్రం, "మరి అమ్మమ్మ వాళ్ళకు పంపిన రీల్?" అని అడుగుతున్నాడు.

ఆ పెద్దావిడకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రోజూ సాయంత్రం బెల్లం ముక్క తెచ్చి దీనికి పెట్టి వెళ్తోంది.


కందుకూరు రైతు (రాత్రి 8.40)

ఏం చెప్పకండమ్మా.


చీమకుర్తి కోడలు (శనివారం, రాత్రి 11.12)

డాక్టరు గారూ ఉన్నారా? అర్జెంటు. గుర్రం గంట నుంచి పడుకుంటోంది, లేస్తోంది, దొర్లుతోంది. పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. చెమటలు కారుతున్నాయి. సాయంత్రం నుంచి లద్దె వేయలేదు. మామయ్య వాము కలిపిన నువ్వుల నూనె గొట్టంతో పోద్దామంటున్నారు.


రిటైర్డ్ పశువుల డాక్టరు (రాత్రి 11.16)

పోయొద్దు! నోట్లో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాణా, గడ్డి అన్నీ తీసేయండి. ఏం తిన్నది?


చీమకుర్తి కోడలు (రాత్రి 11.19)

అత్తమ్మ ఇప్పుడు చెబుతోంది. సాయంత్రం గేదెకు పెట్టినట్టే దీనికీ ఒక బకెట్ కుడితి పెట్టిందట. పులిసింది. మధ్యాహ్నం మిగిలిన అన్నం, తవుడు కలిపి. "ఎండకు నీరసంగా ఉందని పెట్టా" అని ఏడుస్తోంది.


రిటైర్డ్ పశువుల డాక్టరు (రాత్రి 11.23)

ఆమెను తిట్టొద్దు. గేదె నెమరేస్తుంది, దానికి నాలుగు అరల పొట్ట. గుర్రానిది చిన్న పొట్ట, పులిస్తే గాలి పుడుతుంది, వాంతి చేసుకునే వీలు దానికి లేదు. దవడ ఎముక కింద వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది. పదిహేను సెకన్లు లెక్కబెట్టి నాలుగుతో గుణించండి. డొక్క దగ్గర చెవి పెట్టి పేగుల చప్పుడు వినండి, రెండు వైపులా. ఈలోగా మీ డాక్టరుకు ఫోన్ చేయండి, ఆయన ఎత్తకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ప్రయత్నించండి.


చీమకుర్తి కోడలు (రాత్రి 11.34)

పాప లెక్కబెట్టింది. పదమూడు. అంటే 52. కుడి డొక్కలో ఏమీ వినబడడం లేదు. ఎడమ వైపు ఎక్కడో దూరంగా బిందెలోంచి నీళ్ళు ఒలికినట్టు ఒకసారి వినబడింది. డాక్టరు బయల్దేరారు.


రిటైర్డ్ పశువుల డాక్టరు (రాత్రి 11.37)

మామూలుగా 28 నుంచి 44 మధ్య ఉండాలి. 52 ఎక్కువే కానీ భయపడేంత కాదు. 60 దాటితే వెంటనే రాయండి. దొర్లకుండా మెల్లగా నడిపించండి, అలసిపోయేలా కాదు. నిలబడితే నిలబడనివ్వండి. మేలుకునే ఉంటాను.


చీమకుర్తి కోడలు (ఆదివారం, ఉదయం 5.50)

డాక్టరు ఒంటి గంటకు వచ్చారు. నొప్పి ఇంజెక్షన్ చేసి, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తే బుస్సుమని గాలి, పులిసిన వాసన. గుర్రానికి వైద్యం చేసి చాలా ఏళ్ళయిందన్నారు, అయినా ఓపిగ్గా మూడు గంటల దాకా ఉన్నారు. మామయ్య రాత్రంతా తాడు పట్టుకుని పెరట్లో తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళ నాన్న గుర్రం ఇలాగే కడుపునొప్పితో ఒంగోల్లో నడిరోడ్డు మీద పోయిందట. పదేపదే చెప్పే కథల్లో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడే అత్తమ్మ పాకలోంచి అరిచింది, "లద్దె వేసింది! చంద్రమ్మ లద్దె వేసింది!" అని. వీధిలో వాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.


అద్దంకి మాస్టారు (ఆదివారం, ఉదయం 9.30)

గండం గడిచింది కాబట్టి ఒక ముచ్చట. మీ అత్తమ్మ గారిని ఊరుకోమనండి, ఆమెకంటే ముందు రాజులే ఆ పొరపాటు చేశారు. మన మోటుపల్లి రేవును ముట్ఫిలి అని రాసిన మార్కో పోలో, తమిళ దేశంలో గుర్రాలకు వండిన అన్నం, మాంసం కలిపి పెడతారని రాశాడు. అరబ్బు దేశాల నుంచి ఓడల్లో బోలెడు ధర పోసి తెప్పించినవి చూసుకునేవాళ్ళు సరిగ్గా లేక చచ్చిపోయేవట, మళ్ళీ తెప్పించేవారట. ఆ మోటుపల్లిలోనే కాకతీయ గణపతిదేవుడు 1244లో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడు. గుర్రాన్ని కొనడం సులువు, పోషించడం కష్టమన్నది మన తీరానికి కొత్త సంగతేం కాదు.


కొత్తపట్నం తీరం (ఉదయం 10.10)

మాకు బీచ్‌లో పిల్లల్ని ఎక్కించే రెండు గుర్రాలుండేవి. మాది ఇసుక నేల. గడ్డి కింద వేస్తే గడ్డితో పాటు ఇసుకా తింటాయి, అది పేగుల్లో పేరుకుని ఇదే నొప్పి వస్తుంది. లద్దె బకెట్ నీళ్ళలో కలిపి చూడండి, అడుగున ఇసుక దిగితే జాగ్రత్తపడాలి. మేం తర్వాత తొట్టి కట్టించాం. వరిగడ్డి ఒక్కటే కాకుండా పచ్చి కూడా పెట్టండి. కానీ వానలు లేక వాడిన జొన్న పిలక మాత్రం వద్దు, విషం.


కోటమిట్ట సవారీ (సోమవారం, రాత్రి 10.45)

అల్‌హందులిల్లా, బతికింది. ఇక డప్పు సంగతి. మా చిచ్చాను అడిగి రాస్తున్నా. వారం పది రోజులు ఏమీ చేయకండి, కోలుకోనివ్వండి. తర్వాత ఫోన్లో డప్పు శబ్దం బాగా తగ్గించి దూరంగా పెట్టండి. అదే సమయానికి ఉడికించిన ఉలవలు గుప్పెడు. కాలు ఎత్తకముందే శబ్దం ఆపేయాలి. కాలు లేచిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, ఇంకా దూరం వెళ్ళాలి. రోజుకు అయిదు నిమిషాలు చాలు. ఎప్పుడూ ఒకే మనిషి చేయొద్దు, ఇంట్లో అందరూ మార్చి మార్చి చేయాలి. కళ్ళెం అసలు వద్దు, మెత్తటి తాడు మొఖంపట్టీ చాలు.


చీమకుర్తి కోడలు (నెల రోజుల తర్వాత)

ఫోన్ డప్పుకి ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు. పాపే అంతా చూసుకుంటోంది, నోట్‌బుక్‌లో రాస్తోంది: "ఈరోజు వేప చెట్టు దగ్గర నుంచి. చెవులు ముందుకు. ఉలవలు మొత్తం తినింది."

ధైర్యం చేసి మా ఊళ్ళో డప్పు కొట్టే బాబాయిని పిలిచాం. ఆయన రాగానే మామూలుగా వరిగడ్డి మంట వేసి డప్పు కాచుకుంటున్నారు. ఇంకా ఒక్క దెబ్బ వేయలేదు. చంద్రమ్మ కాళ్ళు లేచాయి! గడ్డి పొగ వాసనకే. ఆయన కాసేపు చూసి, మంట ఆర్పి, "దీనికి డప్పు కంటే ముందు ఇది తెలుసమ్మా" అని డప్పు పక్కన పెట్టేశారు. ఆ రోజు ఉట్టి పొగ వేసి, ఉలవలు పెట్టి, టీ తాగి వెళ్ళిపోయారు. అలా ఆరు రోజులు వచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు.


రిటైర్డ్ పశువుల డాక్టరు (అదే రోజు)

నలభై ఏళ్ళ సర్వీసులో నాకు ఈ పొగ సంగతి తట్టలేదు. ఆయనకు నా నమస్కారం చెప్పండి.


చీమకుర్తి కోడలు (వినాయక చవితి తర్వాత)

నిమజ్జనానికి డీజే మా ఇంటి ముందే గంటసేపు ఆగింది. ఏమీ కాలేదు, గడ్డి తింటూ నిలబడింది. తర్వాత బాబు అన్నం తింటూ గరిటెతో స్టీలు పళ్ళెం మీద కొట్టాడు, వెంటనే ఎడమ కాలు లేచింది. కాబట్టి ఇంకా పూర్తిగా పోలేదు. ఇంట్లో ఇప్పుడు పళ్ళేలు చప్పుడు చేయకుండా కడుగుతున్నాం. మా ఆయన సెలవుకొచ్చి ఇది చూసి, "నా మాటకు ఈ ఇంట్లో ఎప్పుడైనా ఇంత విలువ ఇచ్చారా" అన్నారు.

మళ్ళీ ఒక చిక్కు. పెద్దాయన మాసికం వచ్చే బుధవారం. పెద్దావిడ వచ్చి, "మా వాకిట్లో ఒక్కసారి ఆడించమ్మా, డప్పు నేను పిలిపిస్తా" అంది. కాదనలేను, చేయించలేను. పాప అయితే, "జేజీ అడిగినా సరే వద్దు" అని ముందే చెప్పేసింది.


కోటమిట్ట సవారీ (రాత్రి 11.05)

డప్పు లేకుండా తీసుకెళ్ళండక్కా. తాడు ఆ పెద్దావిడ చేతికే ఇవ్వండి. ముసలి గుర్రమైంది, కాళ్ళు నొప్పులని చెప్పండి. అబద్ధం కూడా కాదు.


చీమకుర్తి కోడలు (బుధవారం, రాత్రి 8.20)

అలాగే చేశాం. మామయ్య పొద్దున్నే మాలీషు చేసి, జూలు దువ్వి, మెడలో బంతిపూల దండ వేశారు. పెద్దావిడ చేతికి తాడు ఇస్తే ముందు భయపడింది, తర్వాత తనే వాకిలి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిపించింది. కాళ్ళు నొప్పులని చెప్పాను. "నావీ అంతే కదా" అంది, ఇంకేం అడగలేదు. పెద్ద కొడుకు కుర్చీలోంచి లేచొచ్చి నీళ్ళ బకెట్ పెట్టాడు.

వచ్చేటప్పుడు వాళ్ళ గేటు ముందే ఇంత లద్దె వేసింది మా మహాతల్లి. నేను చీపురు కోసం వెతుకుతుంటే పెద్దావిడ ఆపేసింది. మల్లె పాదుకు వేసుకుంటుందట.


కందుకూరు రైతు (రాత్రి 8.45)

పచ్చిది వేయొద్దని చెప్పండమ్మా. రెండు మూడు నెలలు కుప్పేసి మాగనిచ్చి వేయాలి, లేకపోతే వేడికి మొక్క మాడిపోతుంది.